కోసేదాన్ని మాత్రమే

ఫిబ్రవరి 10, సోమవారం

ల్యాబు నుంచి తెచ్చుకున్న పెన్సిల్‌తో రాస్తున్నాను. స్లైడుల మీద నంబర్లు మేం పెన్సిల్‌తోనే వేస్తాం, సిరా అయితే స్పిరిట్‌లో చెరిగిపోతుంది. పదహారేళ్ళుగా నంబర్లూ పేర్లూ తప్ప ఇంకేమీ రాయని చెయ్యి ఇది. ఇవాళ ఎందుకు రాయాలనిపించిందో తెలియదు.

తెలుసు. చేప ఎమ్మారై రిపోర్టు వచ్చింది.

చేప అంటే నా తోడికోడలు. ఆ పేరు నేను పెట్టిందే, మెచ్చుకుని పెట్టింది మాత్రం కాదు. ఈత నేర్పే టీచరు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మూడేళ్ళలో ఆమె జుట్టు పొడిగా ఉండగా నేను చూసింది తక్కువ. మెట్ల మీద తడి అడుగులు. బట్టల తీగ మీద నావన్నీ ఒక మూలకు నెట్టేసి ఆమె తువ్వాళ్ళు. వాళ్ళది పైవాటా, మాది కింది వాటా, తీగ మాత్రం ఒకటే. ఆ తీగ దగ్గర మేం పడినన్ని గొడవలు ఈ ఇంట్లో ఇంకెవరూ పడి ఉండరు.

రిపోర్టు మా మరిది చదవబోయి తడబడితే నేను తీసుకుని చదివాను. గర్భసంచి గోడలో తొమ్మిది సెంటీమీటర్ల గడ్డ. చాలావరకు ఫైబ్రాయిడ్ లాగే ఉందట. ఒక మూల మాత్రం మెత్తగా, మిగతాదానితో కలవకుండా ఉందట. క్యాన్సర్ కాదని ఈ పరీక్షతో కచ్చితంగా చెప్పలేమని చివర్లో ఒక్క వాక్యం.

"అంటే ఏంటి వదినా?" అన్నాడు మరిది. లిఫ్టులు బాగుచేసే మనిషి. ఇరవై అంతస్తుల గోతిలోకి వంగి చూసేవాడు. కాగితం పట్టుకోలేకపోయాడు.

"వాళ్ళు అందరికీ అలాగే రాస్తారయ్యా, జాగ్రత్త కోసం," అన్నాను.

చేప నావైపు చూసి నవ్వింది. "అక్కకి ఏడు ఉండేవట. నాకు ఉన్నది ఒక్కటే. ఇందులోనూ అక్కదే పైచెయ్యి."

అందరికీ అలా రాయరు.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాయడానికేం లేదు. ల్యాబులో నలభై బ్లాకులు కోశాను, మనుషుల్లోంచి తీసిన ముక్కలు పొదిగిన మైనపు దిమ్మలు.

ఫిబ్రవరి 13, గురువారం

సెలవు పెట్టి సర్జన్ దగ్గరికి వెళ్ళాను వాళ్ళతో. ఎవరూ రమ్మనలేదు. నేనే వస్తానన్నాను.

సర్జన్ నెమ్మదైన మనిషి. చేపకి అర్థమయ్యేలా బొమ్మ గీసి చెప్పింది. కడుపు మీద నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. గడ్డని లోపలే మిషనుతో సన్నగా తరిగి, ఆ రంధ్రంలోంచే బయటికి లాగుతారు. రెండోరోజుకి ఇల్లు, రెండు మూడు వారాలకి మళ్ళీ నీళ్ళు.

"ఇరవై తొమ్మిదేళ్ళ అమ్మాయికి అది క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. వెయ్యిమందిలో ఒకరికి ఉంటే గొప్ప," అంది.

"ముక్కలు చెయ్యకుండా ముద్దగా తీయలేరా డాక్టర్?" అన్నాను.

ఆమె నావైపు చూసింది. కింద ల్యాబులో పనిచేస్తానని ఆమెకి తెలుసు. "తీయొచ్చు. రిపోర్టులో ఆ మాట ఉంది కాబట్టి నేనూ అదే చెప్పబోతున్నాను. కానీ అప్పుడు ఇంత కోత పడుతుంది," అని బొటనవేలూ చూపుడువేలూ బాగా సాగదీసి చూపించింది. "మూడు నెలలు నీళ్ళలోకి దిగకూడదు. నిర్ణయం మీదే."

చేప మొహం వాడిపోయింది. మెట్లు దిగుతూ నామీద పడింది.

"అక్కా, వేసవి బ్యాచులు ఏప్రిల్లో మొదలు. ఏడాది మొత్తంలో నాకు పని ఉండేదే అప్పుడు. మీరెందుకు మధ్యలో?"

"నేను అడిగింది తప్పా?"

"మీకేం, కొయ్యడం మీకు అలవాటు. కోయించుకునేది నేను."

 ఇంటిదాకా వాళ్ళిద్దరూ ముందు నడిచారు, నేను వెనక.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఇది ఇవాళ్టిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

ఎనిమిదేళ్ళ కిందట ఒక సీసా వచ్చింది. లోపల గడ్డ లేదు, గడ్డ తరుగు ఉంది. రిబ్బను ముక్కల్లా పొడుగ్గా, సన్నగా. ఏది ఏ మూలదో ఎవరికీ తెలియదు. కాగితం మీద ఫైబ్రాయిడ్ అని ఉంది. వయసు ముప్ఫై ఒకటి. తీసిన డాక్టరు తప్పేమీ లేదు, అప్పట్లో అందరూ అలాగే తీసేవాళ్ళు. నేను కోశాను, మా డాక్టరుగారు చూశారు. అది ఫైబ్రాయిడ్ కాదు. తరిగేటప్పుడు రాలిన తునకలు కడుపులో ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడల్లా మొలిచాయి. పద్నాలుగు నెలల తర్వాత అదే పేరుతో ఇంకో సీసా వచ్చింది. ఆ పేరు మళ్ళీ నా చేత్తోనే రాశాను.

సాయంత్రం తీగ దగ్గర చేపకి చెప్పాను. ల్యాబులో చూసింది ల్యాబులోనే వదిలెయ్యాలి. అందుకని పేరు చెప్పలేదు. మిగతాదంతా చెప్పాను.

ఆమె చేతులు ఊరికే ఉంచలేక తీగ మీది నా బట్టలు తీసి మడతపెట్టింది. చాలాసేపు. నా చేతికిస్తూ అంది, "ముద్దగానే తీయమని చెప్తాను. మీ ల్యాబు కోటు చేతులు మాత్రం నాకు మడతపెట్టడం రాదు, మళ్ళీ తిట్టకండి."

ఫిబ్రవరి 16, ఆదివారం

చేప పనిచేసే ఈతకొలనుకి వెళ్ళాను. మూడేళ్ళలో ఇదే మొదటిసారి. ఆపరేషన్‌కి ముందు ఆమె ఆఖరి క్లాసు. ఆరేడేళ్ళ ఆడపిల్లలు తొమ్మిదిమంది, గట్టు పట్టుకుని కాళ్ళు తపతపలాడిస్తున్నారు. మధ్యలో ఈమె. ఇంట్లో గిన్నె కింద పెడితే పక్కింటికి వినిపించే మనిషి, నీళ్ళలో చప్పుడే లేదు.

బయటికొచ్చి గట్టు మీద నిలబడితే కడుపు తెలిసింది. ఈత బట్టల్లో దాగదు కదా. నాలుగైదు నెలల కడుపులా ఉంది.

"టీచర్, లోపల పాపాయి ఉందా?" అని అడిగింది ఒక పిల్ల.

"లేదే. నిన్న మీరు పారేసిన బంతి మింగేశాను. బుధవారం డాక్టరు తీసేస్తారు," అంది.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక నిరుటి వేసవి గుర్తొచ్చింది.

నిరుడు వేసవిలో చేప నా దగ్గరికొచ్చి, "నెలనెలా చాలా పోతోందక్కా, కళ్ళు తిరుగుతున్నాయి" అంది. స్కాన్‌లో ఐదు సెంటీమీటర్ల గడ్డ ఉందన్నారు. మూడు నెలలాగి మళ్ళీ చూపించుకోమన్నారు. "నాకు ఏడు ఉండేవి. ఒక్కదానికే ఇంత గోలా? ఆడవాళ్ళలో సగంమందికి ఉంటాయి, అవి ఏమీ చెయ్యవు," అన్నాను. నా మాట విని రెండో స్కాన్‌కి వెళ్ళలేదు.

మూడేళ్ళలో గొడవపడకుండా నా మాట విన్నది అదొక్కసారే.

ఫిబ్రవరి 19, బుధవారం

గడ్డ ముద్దగా వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. గర్భసంచి ఉంచారు. చేప స్పృహలోకి వచ్చి మరిదిని గుర్తుపట్టి, "ఇంటి తాళం వేశావా?" అని అడిగిందట.

పదకొండున్నరకి సీసా కింది ల్యాబుకి వచ్చింది. తోటి టెక్నీషియన్ కాన్పు సెలవులో ఉంది. నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. నాలుగువందల పది గ్రాములు. నంబరు వేశాను.

పేషెంటు మా తోడికోడలని డాక్టరుగారికి చెప్పాలి. చెబితే ఇంకో ల్యాబుకి పంపేస్తారు.

చెప్పలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

డాక్టరుగారు గడ్డని కోశారు. నేను పక్కన డబ్బాలు అందిస్తూ నిలబడ్డాను. ఆయన కోసేటప్పుడు కూనిరాగం తీస్తారు. ఏ పాటో ముప్ఫై ఏళ్ళుగా ఎవరికీ తెలియలేదు.

మొదటి కోత. తెల్లగా, గట్టిగా, నూలుండ చుట్టినట్టు మెలికలు మెలికలుగా. కత్తి తగలగానే పైకి ఉబికింది. మంచి ఫైబ్రాయిడ్ అలాగే ఉబుకుతుంది. కూనిరాగం సాగుతోంది. రెండో కోత, మూడో కోత, అంతా అదే తెలుపు. నాకు ఊపిరి ఆడుతోంది.

ఆరో కోతలో పసుపు మూల వచ్చింది. నిమ్మకాయంత. మెత్తగా, మెలికలు లేకుండా. పాట ఆగిపోయింది.

"ముద్దగా రావడం మంచిదైంది. లేకపోతే ఇది మనకి దొరికేదే కాదు," అన్నారు. "ఇక్కణ్ణుంచి ఎక్కువ ముక్కలు తీద్దాం అమ్మా. పన్నెండు."

పన్నెండు డబ్బాల మీద నంబర్లు వేశాను. ఏడో నంబరు రెండుసార్లు వేశాను. చెరిపి మళ్ళీ వేశాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

కోశాను. మైనపు దిమ్మలోంచి కాగితం కంటే పల్చగా పొరలు, ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వచ్చాయి. గోరువెచ్చటి నీళ్ళలో తేలేసి, ముడత లేకుండా స్లైడు మీదికి ఎత్తాను. రంగు వేశాను. డాక్టరుగారి బల్ల మీద పెట్టేశాను.

చూడలేదు. నేను కోసేదాన్ని మాత్రమే. చదవడం నా పని కాదు.

అదే రోజు, మళ్ళీ

చూశాను. రంగు సరిగ్గా పట్టిందో లేదో ఒకసారి చూసుకోవడం నా పనే కదా అని చూశాను.

మంచి ఫైబ్రాయిడ్‌లో కణాలు సన్నగా, కోలగా, అన్నీ ఒకే దిక్కుకి తల పెట్టుకుని ఉంటాయి. పసుపు మూలలో అలా లేవు. లావుగా, నల్లగా, ఒక్కోటి ఒక్కో ఆకారం. కొన్నింట్లో కేంద్రకాలు రెండేసి, మూడేసి. ఎనిమిదేళ్ళ కిందట వచ్చిన ఆ తరుగులోనూ ఇలాంటివే చూశాను.

ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చున్నాను. ఈయన కళ్ళజోళ్ళ కొట్టు మూసి వచ్చి, "ఏమైంది?" అన్నారు. తలనొప్పి అన్నాను. కళ్ళు చూపించుకోవాలి అన్నారు. ఎవరికి ఏ నొప్పి వచ్చినా ఈయన వైద్యం కళ్ళజోడే.

ఫిబ్రవరి 22, శనివారం

డాక్టరుగారి గదికీ నా బల్లకీ మధ్య చెక్క గోడ. ఆయన రెండుగా చీలుతున్న కణాలు లెక్కపెడుతున్నారు. చేతిలో చిన్న మీట ఉంటుంది. ఒక్కటి కనిపించినప్పుడల్లా ఒక నొక్కు.

టక్.

చాలాసేపు ఏమీ లేదు.

టక్.

ఆయన ఎన్ని చోట్లు చూశారో నాకు తెలియదు. నొక్కులు మాత్రం లెక్కపెట్టాను. టక్, టక్. వెంటవెంటనే రెండు. చేతిలో బ్లేడు పక్కన పెట్టేశాను, కోసుకుంటానని భయమేసి.

ఇరవై ఆరు తర్వాత నొక్కులు ఆగాయి. బయటికి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

చేపని చూడ్డానికి పైన వార్డుకి వెళ్ళాను. మెత్తటి దిండు తీసుకెళ్ళాను. జుట్టు దువ్వి జడ వేశాను. పొడి జుట్టు. కొత్త మనిషి జుట్టులా ఉంది. పాలు చల్లార్చి గ్లాసు నోటి దగ్గర పెట్టాను. కాసేపయ్యాక కాళ్ళ మీద దుప్పటి సర్దాను. అప్పటికే నాలుగుసార్లు సర్దానట.

మరిది టీ తాగడానికి కిందికి వెళ్ళగానే చేప నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీరు నాలుగు రోజులుగా నన్ను ఒక్క మాట అనలేదు."

"అనడానికేముంది?"

"ఇందాక మీ దిండు మీద పాలు ఒలకబోశాను. చూసి కూడా ఊరుకున్నారు. చెప్పండి, ఎంత చెడ్డది?"

"రిపోర్టు ఇంకా రాలేదు."

"రిపోర్టు అడగలేదు. మీరు చూశారా లేదా?"

"నేను కోసేదాన్ని మాత్రమే. నాకు చదవడం రాదు," అన్నాను.

నిజమే కదా. నాకు చదవడం రాదు. కానీ నా మొహం చదవడం ఆమెకి వచ్చు. ఎప్పుడు నేర్చుకుందో.

చెయ్యి వదలలేదు. "సరే. మీ మరిదికి మాత్రం చెప్పకండి, రిపోర్టు వచ్చేదాకా. నిద్రపోడు," అంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

డాక్టరుగారు పిలిచారు. బల్ల మీద చేప కాగితం. చిరునామా కింద పెన్సిల్‌తో గీత.

"ఇది మీ ఇల్లే కదమ్మా."

"మా తోడికోడలు సర్."

కోప్పడతారనుకున్నాను. కుర్చీ చూపించారు. పదహారేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బయటికి పంపేస్తారని. నా చేతిలో ఉంటే బాగుంటుందనిపించింది."

"స్లైడు చూశావా?"

"చూశాను సర్."

"ఏమనుకున్నావు?"

"ఎనిమిదేళ్ళ కిందటి ఆ తరుగే గుర్తొచ్చింది సర్." 

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ కణాలు వికారంగా ఉన్నమాట నిజం. వికారం ఒక్కటే చూసి చెప్పేస్తే నేనెందుకమ్మా ఇక్కడ? మూడు చూడాలి. ఆకారం ఎలా ఉంది, ఎంత వేగంగా చీలుతున్నాయి, మధ్యలో చచ్చిపోయిన భాగం ఉందా. ఆకారం బాగోలేదు, ఒప్పుకుంటాను. వేగం, పది చోట్లు చూస్తే చీలుతున్నవి ఆరో ఏడో. పది దాటితే నాకు కంగారు, ఇది దాటలేదు. మూడోది ఆ పసుపు మూల. అది క్యాన్సర్‌లో చచ్చినట్టు చచ్చిందా, రక్తం అందక మామూలుగా చచ్చిందా? నాకు తేలడం లేదు."

"నేను ఇరవై ఆరు నొక్కులు విన్నాను సర్."

"నలభై చోట్లకి ఇరవై ఆరు," అన్నారు. "గోడ అవతల కూర్చుని సగం లెక్క వింటే ఎలాగమ్మా?"

స్లైడులు, బ్లాకులు ఇలాంటివే రోజూ చూసే పెద్ద ల్యాబుకి పంపుతున్నారు. పెట్టె నేనే కట్టాను. ఒక్కో స్లైడుకి దూది చుట్టి.

మార్చి 1, శనివారం

చేప ఇంట్లో ఉంది. మెట్లు ఎక్కకూడదని కింద మా గదిలో. ఇవాళ గొడవపడ్డాం, కిటికీ తెరవాలా మూయాలా అని. కావాలనే పడ్డాను. ఆమెకి అర్థమైంది, అయినా బాగా పోట్లాడింది.

మార్చి 4, మంగళవారం

రాలేదు.

మార్చి 7, శుక్రవారం

రాలేదు. మరిది మూడు రోజులుగా నన్ను ఏమీ అడగడం లేదు. అతనికీ తెలిసిపోయిందనుకుంటాను. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటున్నాం, ఒకే విషయాన్ని.

మార్చి 11, మంగళవారం

వచ్చింది.

డాక్టరుగారు సాధారణంగా పేషెంట్లని కలవరు, కాగితమే పైకి వెళ్తుంది. ఈసారి చేపని, మరిదిని కిందికి పిలిపించారు, సర్జన్‌నీ రమ్మన్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. చేప వెనక్కి తిరిగి, "అక్కా, మీరూ కూర్చోండి," అంది.

"క్యాన్సరా, కాదా సర్?" అన్నాడు మరిది.

"రెండూ రాయలేదు వాళ్ళు. రాయలేరు కూడా. మంచి గడ్డకీ చెడ్డ గడ్డకీ మధ్యలో కొన్ని ఉంటాయి. ముందుముందు ఎలా ఉంటాయో చూసి చెప్పలేనివి. ఇది వాటిలో ఒకటి. ఇలాంటిది ఉన్న పదిమందిలో ఒకరిద్దరికి మళ్ళీ రావచ్చు. మిగతావాళ్ళకి రాదు. ఎవరికి వస్తుందో నాకు తెలియదు. మొత్తంగా, చెదరకుండా బయటికి వచ్చింది, అది మాత్రం మీకు మేలు."

సర్జన్ రెండు దారులు చెప్పింది. గర్భసంచి తీసేయించుకోవడం. లేదా ఉంచుకుని, ఆరు నెలలకోసారి తప్పకుండా స్కాన్ చేయించుకోవడం, ఏళ్ళ తరబడి.

 చేప అడిగింది, "నేను చూడొచ్చా సర్, దాన్ని?"

రెండు తలల మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టారు. ఒకవైపు ఆయన, ఒకవైపు ఆమె. పదహారేళ్ళలో ఒక మనిషి తన ముక్కని తనే చూసుకోవడం నేను చూడలేదు.

"ఇవి మంచివి. వరసగా ఉన్నాయి చూడండి. ఇప్పుడు జరుపుతున్నాను. ఇవీ మనల్ని తిప్పలు పెడుతున్నవి."

చేప చాలాసేపు కన్ను తీయలేదు.

"ఈ రంగులు వేసింది ఎవరు?"

"మీ అక్క."

"బాగా వేసింది," అంది. తర్వాత, "సర్, ఇవి ఇంత గందరగోళంగా ఉన్నాయి. ఇవి కూడా నావేనా?"

"మీవేనమ్మా."

"పాపం," అంది.

సర్జన్ తల తిప్పుకుంది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

మార్చి 13, గురువారం

ఇంట్లో అందరం ఒకవైపు. ఈయన తీసేయమన్నారు. మరిది, "నాకు పిల్లలొద్దు, నువ్వు చాలు" అన్నాడు. అంటూ ఏడ్చాడు. నేనూ చెప్పాను, "తీసేయించుకో. నాకు తీసేశారు, ఏమైంది? హాయిగా ఉన్నాను."

మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ పనికి వెళ్ళాక చేప నా మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని అడిగింది.

"అక్కా, మీకు తీసేసినప్పుడు ఎలా అనిపించింది?"

"చెప్పాను కదా."

"ఏమైంది అని నన్నే అడిగారు. చెప్పలేదు."

ఆరేళ్ళయింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు వచ్చేసింది.

అప్పుడు నాకు ముప్ఫై ఏడేళ్ళు. ఏడు గడ్డలు. డాక్టరు ఈయనతో మాట్లాడారు, ఈయన వాళ్ళ అమ్మతో మాట్లాడారు. తీసేస్తున్నామని నాకు చెప్పారు. ఇంటికొచ్చాక అందరూ పీడ వదిలిందన్నారు, నేనూ అన్నాను. నెల తర్వాత బీరువా సర్దుతుంటే ప్యాడ్ల ప్యాకెట్టు దొరికింది. సగం వాడింది. పారేద్దామని తీసి, చేతిలో పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఆ పూటంతా. సెలవు అయ్యాక మళ్ళీ పనిలో చేరిన రోజు మా ల్యాబు రిజిస్టరులో నా నంబరు వెతుక్కున్నాను. తోటి టెక్నీషియన్ కోసింది. స్లైడులు ల్యాబు బీరువాలోనే ఉన్నాయి. తీసి చూడలేదు.

"తీయకపోతే బతికేదాన్ని కాదేమో, రక్తం అలా పోయేది. తీయడం తప్పని కాదు," అన్నాను. "ఒక్కసారి నన్ను అడిగి ఉంటే బాగుండేది. నేను సరే అనేదాన్నే."

చేప ఏడవలేదు. నేనూ ఏడవలేదు అని రాద్దామనుకున్నాను. ఏడ్చాను. కుట్లు నొప్పి పుడతాయని గట్టిగా పట్టుకోలేక, పక్కన వాలి తల నా భుజం మీద పెట్టింది. అలాగే ఉన్నాం.

తర్వాత చెప్పాను, "పొద్దున చెప్పిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. తీయించుకోమనను, వద్దనను. నిరుడు ఒకసారి నా మాట విన్నావు. ఆ రోజు నేను అలా అని ఉండకూడదు. వెళ్ళి చూపించుకో అనాల్సింది."

"మీకు తెలియదు కదక్కా."

"తెలియదు. తెలిసినట్టు మాట్లాడాను."

మార్చి 16, ఆదివారం

చేప నిర్ణయం చెప్పింది. గర్భసంచి ఉంచుకుంటుంది. రెండేళ్ళు. ఆరు నెలలకోసారి స్కాన్. పిల్లలు పుడితే పుడతారు, లేకపోతే లేదు. ఆ తర్వాత తనే వెళ్ళి తీయించుకుంటుందట. మధ్యలో ఏ చిన్న తేడా కనిపించినా ఆ రోజే.

మరిది బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"భయంగా ఉంది వదినా."

"నాకూను."

చేతులు నలుపుకున్నాడు. "లిఫ్టు తాడు ఎప్పుడు తెగుతుందో నేనూ చెప్పలేను. జనం ఎక్కడం మానరు. నెలనెలా వెళ్ళి ఒక్కో పోగూ తడిమి చూసి వస్తాను, అదే నా పని. ఇదీ అలాంటిదే అంటే కొంచెం అర్థమవుతోంది," అన్నాడు.

లేచి లోపలికి వెళ్ళి, క్యాలెండరులో ఆగస్టు తీసి సున్నా చుట్టాడు.

మే 26, సోమవారం

చేప ఇవాళ నీళ్ళలోకి దిగింది. వేసవి బ్యాచులు చాలావరకు పోయాయి. మిగిలిన ఒక్క బ్యాచు ఇచ్చారట. మెట్ల మీద తడి అడుగులు. తుడవలేదు.

జూలై 9, బుధవారం

ఇంకో అమ్మాయి గడ్డ వచ్చింది, ముప్ఫై రెండేళ్ళు. ముద్దగానే వచ్చింది. డాక్టరుగారు మొదటినుంచి చివరిదాకా కూనిరాగం తీశారు. తెల్లగా, మెలికలు మెలికలుగా ఉంది. మామూలు ఫైబ్రాయిడ్. చాలావరకు అంతే, మామూలువే. ఈమె ఎవరో నాకు తెలియదు. నంబరు రాస్తూ చాలా సంతోషపడ్డాను.

ఆగస్టు 21, గురువారం

మొదటి స్కాన్.

వారం నుంచి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పొద్దున ముగ్గురం తయారై కూర్చున్నాం. ఈయన కొట్టు తెరవకుండా మాతో వచ్చేస్తానన్నారు. నలుగురం ఎందుకని ఆపాను. గుమ్మం దాకా వచ్చి చేపకి తన కొట్టులో తనే చేసిచ్చిన కళ్ళజోడు తీసుకుని, అద్దాలు తుడిచి, మళ్ళీ ఆమె చేతికిచ్చారు. ఆయనకి ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

స్కాన్ గది ముందు బెంచీ మీద కూర్చున్నాం. పిలుపు వచ్చింది. తలుపు దగ్గరి ఆయా, "తోడు ఒక్కరే," అంది.

మరిది లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "వదినా, మీరు వెళ్ళండి. మీకైతే అర్థమవుతుంది."

నాకేమీ అర్థం కాదు. అది స్కాన్, నా మైక్రోస్కోపు కాదు. అందరిలాగే నాకూ బూడిదరంగు గీతలే కనిపిస్తాయి. ఆ సంగతి మరిదికి చెప్పబోయాను. చేప అప్పటికే నా చీర కొంగు పట్టుకుని లోపలికి నడిచింది.

గది చల్లగా, చీకటిగా ఉంది. చేప పడుకుంది. కడుపు మీద కోత సన్నగా, గులాబీరంగులో నయమైంది. స్కాన్ డాక్టరు కుర్రవాడే, తెర వైపు తిరిగి కూర్చున్నాడు. తల దగ్గర మిషను, పక్కన డాక్టరు. నేను నిలబడడానికి చోటు కాళ్ళ దగ్గరే ఉంది.

డాక్టరు పరికరం అటూ ఇటూ జరిపాడు. ఒకచోట ఆపాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు. ఏదో కొలిచాడు. 

తెర చూశాను. నల్లటిదేదో, తెల్లటిదేదో. పదహారేళ్ళ అనుభవం, ఒక్క ముక్క తెలియలేదు. చేప తెర చూడటం లేదు, నా మొహం చూస్తోంది. నా మొహంలో ఏమీ కనిపించకూడదని తల దించుకున్నాను. దుప్పటి బయట ఆమె పాదం ఉంది. ముట్టుకుంటే మంచులా చల్లగా ఉంది. రెండు చేతుల మధ్య పెట్టుకున్నాను.

ఎంతసేపో తెలియదు.

"బాగుంది," అన్నాడు డాక్టరు. "కొత్తగా ఏమీ లేదు. పాతచోటు శుభ్రంగా మానింది. ఆరు నెలలకి మళ్ళీ రండి."

లైటు వేశాడు. చేప కడుపు మీది జిగురు తుడుచుకుంది, గౌను సర్దుకుంది, మోచేతుల మీద లేచింది. బయట మరిది ఎదురుచూస్తున్నాడు, వెళ్ళి చెప్పాలి. డాక్టరు తర్వాతి పేరు పిలవమన్నాడు.

"అక్కా," అంది చేప.

"ఊఁ."

"నా కాలు."

అప్పుడు వదిలాను.